హిమ్జో పోలొవినా పాటల దారి: సరయేవో నుంచి ప్లావ్ దాకా

హిమ్జో పోలొవినా 1927 మార్చి 11న బోస్నియాలోని మోస్తార్‌లో పుట్టారు. 1986 ఆగస్టు 5న మాంటెనెగ్రో కొండల్లోని ప్లావ్ అనే చిన్న ఊళ్లో కన్నుమూశారు. వృత్తికి మానసిక వైద్యులు, బతికినంత కాలం సరయేవోలో డాక్టరే. పేరు నిలిచింది మాత్రం సెవ్దలింకా గాయకుడిగా. ఒట్టోమన్ల కాలంలో బోస్నియా పట్టణాల్లో పెరిగిన ప్రేమ పాట సెవ్దలింకా. నిదానంగా సాగుతుంది, చాలా పాటలకు కర్త ఎవరో తెలియదు. 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

సెవ్దలింకాకు పెద్ద గొంతులు చాలానే ఉన్నాయి. హిమ్జో గొంతు పెద్దది కాదు. పక్క కుర్చీలో ఉన్నవాళ్లకు చెప్పినట్టు పాడతారు, మాట ఒక్కటీ మింగరు. ఆ పద్ధతి ఎలా వచ్చిందో తెలియాలంటే పాటలు పుట్టిన కిటికీలు, అవి ఎక్కిన రేడియో, ఆయన పుట్టిన ఊరు, ఈ మూడూ చూడాలి. ఈ దారి అందుకే.

బయల్దేరే ముందు కొన్ని సంగతులు. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి బోస్నియాకూ మాంటెనెగ్రోకూ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న బహుళ ప్రవేశ షెంజెన్ వీసా ఉంటే రెండు దేశాల్లోనూ కొద్ది రోజులకు సడలింపు ఉంటుంది. జర్మనీలోనో ఆస్ట్రియాలోనో ఉంటున్న మనవాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. రూల్స్ మారుతుంటాయి కాబట్టి రాయబార కార్యాలయం మాటే ఖాయం. బోస్నియాలో నడిచేది కన్వర్టిబుల్ మార్క్. యూరోకు 1.95583 మార్కులని రేటు కట్టేశారు, అది రోజూ మారదు. మాంటెనెగ్రోలో యూరోనే. మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు.

మొదటి రోజు: కిటికీ, తర్వాత పాట

సరయేవో పాతబస్తీ బాష్‌చార్షియా నుంచి పైకి నడిస్తే స్వర్జినా కూచా వస్తుంది. 18వ శతాబ్దపు ముస్లిం సంపన్న కుటుంబపు ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. సెవ్దలింకా వినడానికి ముందు చూడాల్సింది ఇదే. వీధి వైపు ఎత్తైన గోడ, లోపల రాళ్లు పరిచిన వాకిలి. ఆడవాళ్లుండే భాగం వేరు, మగవాళ్లదీ అతిథులదీ వేరు. పై అంతస్తు కిటికీలకు చెక్క జాలీ ఉంటుంది. లోపలివాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్లకు లోపల ఎవరున్నారో కనిపించదు. పెళ్లికాని పిల్లతో కుర్రాడు మాట్లాడాలంటే ఈ కిటికీ కింద నిలబడాలి, లేదా వాకిలి తలుపు సందు దగ్గర. ఈ పాటల్లో గుమ్మాలు, గోడలు, కిటికీ ఊచలు అన్నిసార్లు ఎందుకొస్తాయో ఈ ఇల్లు చూశాక వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడి నుంచి దిగి హలాచీ వీధికి రావాలి. వెలికా దాయిరా అనే పాత రాతి గిడ్డంగుల సముదాయంలో ఆర్ట్ కూచా సెవ్దాహా ఉంది. 2008లో తెరిచారు. గాయకుల ఫోటోలు, దుస్తులు, వాద్యాలు, రికార్డులు చూడొచ్చు. వాకిట్లో కాఫీ ఇస్తారు. రాగి పళ్లెంలో జెజ్వా అనే చిన్న పిడి గిన్నె, పిడి లేని ఫిల్జాన్ కప్పు, పక్కన ఒక ముక్క రహత్ లోకుమ్ మిఠాయి. గిన్నెలో పైకి తేలిన నురగను ముందు చెంచాతో కప్పులోకి తీసుకుని, తర్వాత కాఫీ మెల్లగా వంచాలి. ఒక్కసారిగా వంచితే పొడి మొత్తం కప్పులోకి వచ్చేస్తుంది.

ఇక్కడ ముగ్గురిని పక్కపక్కన పెట్టి వినాలి. జాయిమ్ ఇమామోవిచ్ (1920–1994) తొలి తరం రేడియో గాయకుడు, అకార్డియన్ తనే వాయించుకునేవాడు. సాఫెత్ ఇసోవిచ్ (1936–2007)ది పైస్థాయిలో కత్తిలా నిలిచే గొంతు. ఆయన వరస ఎత్తుకుంటే హాలు నిండిపోవాల్సిందే. హిమ్జో ఈ ఇద్దరికీ దూరం. పై స్వరానికి వెళ్లాల్సిన చోట గొంతు పెంచరు, తగ్గిస్తారు. మొదటిసారి వినేవారికి ఇది బలహీనత అనిపించవచ్చు. అదే పాటను సాఫెత్ గొంతులో విని మళ్లీ హిమ్జో దగ్గరికొస్తే ఆ తగ్గింపు కావాలని చేసిందని తెలుస్తుంది.

సాయంత్రం బెంత్‌బాషాకు. 1992 ఆగస్టులో కాలిపోయి 2014లో మళ్లీ తెరుచుకున్న వియేచ్నిత్సా, అంటే పాత నగర మందిరం దగ్గర మొదలుపెట్టి మిలియాత్స్కా నది ఎగువకు నడిస్తే పది నిమిషాల్లో వస్తుంది. సరయేవో వాళ్లు తమ ఊరి పాటగా చెప్పుకునే పాట ఈ చోటు గురించే. కథ చిన్నది. తెల్ల గొర్రెపిల్లను వెంటబెట్టుకుని కుర్రాడు నీటి ఒడ్డుకు వెళతాడు. వాడలో ఆడపిల్లలంతా గుమ్మాల్లో ఉంటారు, వాడు మనసిచ్చిన పిల్ల మాత్రం ఊచల కిటికీ వెనక ఉంటుంది. సాయంత్రం రమ్మంటుంది. ఆ సాయంత్రం వెళ్లడు, మర్నాడు వెళతాడు. అప్పటికే ఆ పిల్ల పెళ్లి వేరేవాడితో అయిపోయింది. ఏడుపు లేదు, నింద లేదు, అక్కడితో పాట అయిపోతుంది. హిమ్జో దీన్ని పాడినప్పుడు చివరి చరణానికి ప్రత్యేకంగా బరువు పెట్టరు. మిగతావారిలో ఎక్కువమంది పెడతారు, పాట అక్కడే చెడుతుంది.

బెంత్‌బాషా ఇప్పుడు రోడ్డు పక్క చోటు. పాటలోని నీటి ఒడ్డు కోసం వెతికితే నిరాశే. ఓపిక ఉంటే ఎగువకు ఇంకో అరగంట నడిచి కోజియా చూప్రియా అనే ఒంటి తోరణపు రాతి వంతెన దాకా వెళ్లండి. ఆ కాలపు నడక దూరం, నీటి చప్పుడు అక్కడ తెలుస్తాయి.

రెండో రోజు: రేడియో

బాష్‌చార్షియాలో 3వ నంబరు ట్రామ్ ఎక్కితే పడమటి చివర ఇలిజా దాకా పోవచ్చు. టికెట్టు ఎక్కే ముందే కియోస్క్‌లో కొని, ఎక్కగానే మిషన్‌లో ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్టు ఉన్నా లేనట్టే, జరిమానా తప్పదు. దారి మధ్యలో బూడిదరంగు కాంక్రీటు కోటలా రేడియో టెలివిజన్ భవనం కనిపిస్తుంది. హిమ్జో మొదలుపెట్టిన రోజుల్లో ఈ భవనం లేదు. చెప్పుకోవాల్సిన కథ మాత్రం ఈ సంస్థదే.

రేడియో సరయేవో 1945 ఏప్రిల్ 10న మొదలైంది, రెండో ప్రపంచ యుద్ధంలో నగరం నాజీల నుంచి విముక్తమైన నాలుగు రోజులకు. అంతకుముందు సెవ్దలింకాకు ఇంట్లో, వాకిట్లో, కఫానాలో (తాగుతూ పాటలు వినే హోటల్లో) చోటుండేది. రేడియో వచ్చాక పాడటం ఉద్యోగమైంది. ఆడిషన్, ఆర్కెస్ట్రా, భద్రపరిచే టేపు, అన్నీ వచ్చాయి. మోస్తార్ నుంచి వైద్యం చదవడానికి వచ్చిన హిమ్జో 1950ల తొలినాళ్లలో ఈ గుమ్మం తొక్కారు. సరయేవో వైద్య కళాశాల కూడా అప్పటికి కొత్తదే, 1946లో పెట్టింది. ఆయన రెండు దారుల్లో దేన్నీ వదల్లేదు. పాటను రోగుల చికిత్సలో కూడా వాడిన డాక్టరుగా ఆయన్ను ఇప్పటికీ చెప్పుకుంటారు.

మైకు ఎంత మార్చిందో ఒక్క వాద్యం చూస్తే తెలుస్తుంది. పాత తోడు సాజ్, పొడుగు మెడ, లోహపు తీగలు. మెట్లు మెడకు కట్టినవి, జరుపుకోవచ్చు. అందుకే స్వరాల మధ్య దూరాలు పియానో కొలతకు సరిపోవాల్సిన పని లేదు. దాని శబ్దం చిన్నది, గదికి సరిపోతుంది. ఆస్ట్రియా-హంగరీ పాలనలో (1878–1918) వచ్చిన అకార్డియన్ చప్పుడు పెద్దది, స్వరాలు స్థిరం. సాజ్ మెట్ల మధ్య దొరికే సన్నటి స్వరాలు అకార్డియన్ మీటల మీద లేవు. రేడియో ఆర్కెస్ట్రాలో అకార్డియనే పెత్తందారు అయింది. గాయకుడు ఆ స్థిర స్వరాలకు లొంగాలి, లేదా రెండు స్వరాల మధ్య జారుతూ తన దారి వెతుక్కోవాలి. హిమ్జో రెండోది ఎంచుకున్నారు.

కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవారికి ఇక్కడో సులువు ఉంది. చాలా సెవ్దలింకాల్లో వినిపించే నాలుగు స్వరాల ముక్క, బాల్కన్ సంగీతకారులు హిజాజ్ అనేది, మన మాయామాళవగౌళ పూర్వాంగమే: షడ్జమం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం. సరళీ వరసలు పాడిన గొంతుకు ఆ రి–గ మధ్య దూకుడు కొత్త కాదు. నడక వేరు. ‘రావ్నా’ అనే పాతరకం పాటకు తాళం కట్టదు, ఊపిరే కొలత. అకార్డియన్ వాద్యకారుడు గాయకుడి ఊపిరి కోసం కాచుకుని, పాదం ముగిశాక చిన్న తునక వాయించి మళ్లీ తప్పుకోవాలి. ముందుగా దూరితే పాదం చివరి అక్షరం నలిగిపోతుంది. ఈ పాటలకు డ్రమ్ మిషన్ పెట్టిన రికార్డింగులు చాలానే ఉన్నాయి, వాటిలో జరిగేది ఇదే.

టేపు మీద ఉన్నదాన్ని డిస్కు మళ్లీ కత్తిరించింది. ఆనాటి యుగోస్లావ్ ఏడంగుళాల 45 ఆర్‌పీఎం రికార్డులకు మామూలు కొలత మొత్తం నాలుగు పాటలు, ఒక్కో వైపు రెండు. అంటే పాటకు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. ఇరవై చరణాల కథాగేయం అందులో పట్టదు. మధ్య చరణాలు పోతాయి, కథ గెంతుతుంది. ‘ఈ పాటలో ఉన్నట్టుండి ఏమైంది’ అనిపిస్తే ఆ పాట పొడుగు పాఠం వెతకండి, దొరుకుతుంది. పాత సామాన్ల సంతల్లో ఈ డిస్కులు ఇంకా వస్తాయి. కొనేముందు కవరులో ఉన్నది అదే డిస్కో కాదో లేబులు చదవండి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. గీత కంటికి మాత్రమే కనిపిస్తే టపటప శబ్దంతో సరిపోతుంది, గోరుకు తగిలితే సూది గెంతుతుంది. టేబులు మీద పెట్టినప్పుడు అంచు లేస్తే ఎండలో వంగిందన్నమాట, వదిలేయండి. సరయేవోలో తయారైన డిస్కుల కంపెనీ డిస్కోతోన్ మాస్టరు టేపులు 1992–95 బోస్నియా యుద్ధంలో పోయాయి. కాబట్టి ఆ ముద్ర ఉన్న మంచి ప్రతికి విలువెక్కువ.

ట్రామ్ చివర ఇలిజా. 1964లో ఇక్కడ జానపద సంగీతోత్సవం మొదలైంది. కొత్తగా కట్టిన జానపద పాటలకు ఇది పెద్ద వేదిక అయ్యింది, అక్కడి నుంచి పాత పాట ఒకవైపు, మార్కెట్ పాట ఒకవైపు విడిపోతూ వచ్చాయి. హిమ్జో పాతవైపే ఉన్నారు. చెట్ల బారుల వెలికా అలేయా మూడున్నర కిలోమీటర్లు, చివర బోస్నా నది ఊట. గుర్రబ్బండి కన్నా నడకే హాయి.

రాత్రి కఫానాలో ‘సెవ్దాహ్’ (సెవ్దలింకా సంగీతం) బోర్డు చూసి కూర్చునేముందు ఒక్క పాట విని చూడండి. కీబోర్డు ఉంటే లేవండి. సాజ్‌తోనో ఒక్క అకార్డియన్‌తోనో పాడేవాళ్లు తక్కువ, కానీ ఉన్నారు. జాయిమ్ మనవడు దామిర్ ఇమామోవిచ్ ఈ తరంలో ముందువరసలో ఉన్నాడు. ఆయన కచేరీ దొరికితే మిగతా ప్లాను మార్చుకున్నా నష్టం లేదు.

శాకాహారులకు ఒక మాట: బూరెక్ అంటే సరయేవోలో మాంసం పెట్టినదే. పాలకూరది జెల్యానిత్సా, జున్నుది సిర్నిత్సా, బంగాళదుంపది క్రోంపిరూషా. అన్నీ ఒకే దుకాణంలో, తూకం మీద.

మూడో రోజు: త్రావ్నిక్

బస్సులో రెండు గంటలు. 1697లో ఆస్ట్రియా సైన్యం సరయేవోను తగలబెట్టాక బోస్నియాను ఏలే ఒట్టోమన్ వజీర్లు ఇక్కడికి మారి నూటయాభై ఏళ్లు ఉన్నారు. ఈ ఊరి పైనున్న రెండు కొండల మీద హిమ్జో పాడిన పాట ఒకటుంది, ఆ కొండలను కోట బురుజు మీద నుంచి చూడొచ్చు. ప్లావా వోదా ఊట పక్కన కాఫీ, రంగుల మసీదు, అంతే. సాయంత్రం బస్సుకు వెనక్కి.

నాలుగో రోజు: రైలు

సరయేవో–మోస్తార్ రైళ్లు రోజుకు రెండే. ప్రయాణం రెండు గంటల పైన. 2024 అక్టోబరులో యాబ్లానిత్సా దగ్గర వరద, కొండచరియలు ఈ లైనును తెంచేశాయి. కాబట్టి నడుస్తోందో లేదో ముందు రోజే స్టేషన్లో అడగడం మంచిది. బస్టాండు పక్కనే ఉంది, రైలు లేకపోతే అక్కడికే.

హిమ్జో చదువుకు వెళ్లినప్పటి రైలు ఇది కాదు. ఆస్ట్రియన్లు 1891లో పూర్తి చేసిన 760 మిల్లీమీటర్ల నారోగేజ్ అది. ఇవాన్ కొండ ఎక్కడానికి పట్టాల మధ్య పళ్ల కడ్డీ ఉండేది, ఇంజను పళ్లచక్రంతో దాన్ని పట్టుకుని పాకేది. ఇప్పటి వెడల్పు లైను 1966లో వచ్చింది. సొరంగం దాటి బ్రాదినా నుంచి కోన్యిత్స్‌కు దిగేటప్పుడు పట్టాలు చుట్టలు తిరుగుతాయి, కాసేపటికి కిందనున్న లైను మీదే మనం పోతాం. తర్వాత యాబ్లానిత్సా సరస్సు, ఆపైన నెరెత్వా లోయ. మొదటి గంటలో దేవదారు అడవి, చివరి అరగంటలో తెల్లరాయి, అంజూరం, దానిమ్మ. కొండ దాటితే వాతావరణమే వేరు. మోస్తార్ పాటల్లో తోటలు, మల్లెలు అంతగా ఎందుకుంటాయో ఈ కిటికీ చెబుతుంది.

ఐదో రోజు: మోస్తార్, ఎమీనా

పొద్దున ఏడింటికల్లా నెరెత్వా మీది పాత రాతి వంతెన దగ్గరుండాలి. తొమ్మిది దాటితే సముద్రతీరం నుంచి వచ్చే బస్సులు జనాన్ని దించేస్తాయి. వంతెన 1566 నాటిది. 1993 నవంబరు 9న ఫిరంగి దెబ్బలకు కూలింది, 2004 జూలైలో మళ్లీ తెరిచారు. నునుపు రాయి, ఎండలోనూ జారుతుంది. చెప్పులు వద్దు. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

కవి అలెక్సా శాంతిచ్ (1868–1924) ఈ ఊరివాడు. హమామ్ (స్నానశాల) నుంచి ఇంటికి వెళుతూ ఇమాము గారి తోటలో చూసిన అమ్మాయి మీద ఒక పద్యం రాశాడు, ఆ అమ్మాయి పేరే ఎమీనా. శాంతిచ్ సెర్బ్ ఆర్థడాక్స్, ఆమె ముస్లిం ఇమాము కూతురు, నిజంగా ఉన్న మనిషి. సలాం చెబితే ఆమె కన్నెత్తి చూడలేదు, వెండి పాత్రలో నీళ్లు ముంచుకుని గులాబీలకు పోయడానికి వెళ్లిపోయింది. పద్యం పాటైంది, ఊరి పాటే అయింది. పాదానికి పన్నెండు అక్షరాలు, సరిగ్గా మధ్యలో విరుపు, ఆరూ ఆరూ. పాడి చూసేవారికి ఇదే పట్టుకొమ్మ. ఆరో అక్షరం దగ్గర ఆగకుండా లాగితే పాదం చివరికి ఊపిరి చాలదు. హిమ్జో ఆ విరుపు దగ్గర ఆగీ ఆగనట్టు ఆగుతారు.

ఆయన పాడిన ఎమీనాకు చివర శాంతిచ్ రాయని చరణం ఒకటుంది. కవి పోయాడు, ఎమీనా పోయింది, మల్లెతోట పాడుబడింది, పాత్ర విరిగింది, పాట మాత్రం పోదు అని దాని సారం. ఎమీనా మరణవార్త హిమ్జో చెప్పగా మోస్తార్ కవయిత్రి సేవ్దా కాతిత్సా అప్పటికప్పుడు అన్న మాటలివని ఇక్కడ చెబుతారు. పద్యం పుస్తకంలో చూసి పాట వెతికేవారు ఈ చరణం దగ్గర తికమక పడతారు. చరణం ఉంటే ఆ వరస హిమ్జో దారిది. చరణం చేర్చడం తప్పనేవారూ ఉన్నారు. పాట బతకాలంటే పాడేవాడి చేయి పడక తప్పదనేది మా లెక్క.

2010లో ఎమీనాకు ఊళ్లో కంచు విగ్రహం పెట్టారు. చూడండి, కానీ దానికన్నా నెరెత్వాలో కలిసే రాదోబోల్యా వాగు వెంట నడవడం మేలు. ఇక్కడ ఇళ్లు సరయేవో కన్నా విశాలమైన వాకిళ్లతో ఉంటాయి, నీటి కాలువలు గోడల కిందుగా తోటల్లోకి పోతాయి. పాత వంతెనకు చిన్న నమూనాలాంటి క్రీవా చూప్రియా వంతెన ఇక్కడే. యుద్ధాన్ని తట్టుకుని నిలిచి 1999 చివరి వరదకు కూలింది, తర్వాత మళ్లీ కట్టారు.

హిమ్జో పాడిన మరో పాట, నీటిచిమ్ముల పక్కన రోజూ నడిచే సుల్తాను కూతురి కథ, పుట్టుకకు బోస్నియాది కాదు. జర్మన్ కవి హైనె 1851లో పుస్తకంగా తెచ్చిన కవితల్లో ఒకటి. సరయేవో పండితుడు సఫ్వెత్-బెగ్ బషాగిచ్ తన భాషలోకి తెచ్చాక జానపదంలో కలిసిపోయింది. బోస్నియాలో చాలామంది దాన్ని అనాది పాటగానే పాడతారు.

మోస్తార్ నుంచి ఇప్పటి బృందాల్లో వినదగ్గది మోస్తార్ సెవ్దా రీయూనియన్. యుద్ధం తర్వాత, 1990ల చివర్లో పుట్టింది.

ఆరో రోజు: బిలెచా మీదుగా సరిహద్దు

ప్లావ్‌కు నేరు బస్సు కోసం చూడొద్దు. అద్దె కారు తీసుకుంటే సరిహద్దు దాటుతామని కంపెనీకి ముందే చెప్పి, గ్రీన్ కార్డు అనే బీమా కాగితం చేతిలో ఉంచుకోవాలి. లేకపోతే చెక్‌పోస్టు నుంచే వెనక్కి పంపుతారు. స్తోలాత్స్ దాటి బిలెచా వైపు వెళితే సాఫెత్ ఇసోవిచ్ పుట్టిన ఊరు చూసినట్టవుతుంది. రాతినేల, చిన్న చెట్లు, ఎప్పుడూ గాలి. ఊరి పక్కనున్న సరస్సు ఆనకట్ట వల్ల ఏర్పడింది. బోస్నియాలో రోడ్డు దిగి పొదల్లోకి నడవొద్దు. ఎర్ర బోర్డు మీద పుర్రె గుర్తుంటే మందుపాతరలన్నమాట, ఫోటో కోసం కూడా దాటొద్దు. మిగిలిన మార్కులు సరిహద్దుకు ముందు పెట్రోలుకు ఖర్చు చేసేయండి, అవతల మార్చుకోవడం కష్టం. రాత్రి నిక్షిచ్‌లో గాని పొద్గోరిత్సాలో గాని బస.

ఏడో రోజు: ప్లావ్

పొద్గోరిత్సా నుంచి కొత్త హైవే మీద 41 కిలోమీటర్లు హాయిగా పోతుంది, 2022లో తెరిచింది. అది మాతెషెవో దగ్గర అయిపోతుంది. ఆపైన ఆంద్రియెవిత్సా మీదుగా ఇరుకు కొండదారి, లారీ ఎదురైతే ఆగాల్సిందే. కారు లేనివారికి పొద్గోరిత్సా నుంచి బస్సు.

ప్లావ్ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, ప్రొక్లెతియె పర్వతాల అడుగున ఉంది. పాత హిమానీనదం తవ్విన సరస్సు, దాని నుంచి బయటికి పోయే లిమ్ నది, రెజెపాగిచ్ కుటుంబపు రాతి బురుజు, చెక్క మినార్ల మసీదులు. ఆగస్టులో కొండ మీద నేరేడు రంగు బెర్రీలు పండుతాయి, రోడ్డు పక్క గ్లాసుల్లో అమ్ముతారు. హిమ్జో పోయింది ఈ ఊళ్లోనే, 59 ఏళ్లకు. బోస్నియా గాయకుడు ఇక్కడ పరాయివాడు కాదు. ఈ లోయలో బోష్న్యాక్‌లు (బోస్నియా భాష మాట్లాడే ముస్లింలు), అల్బేనియన్లు కలిసి ఉంటారు, రేడియో సరయేవో పాటలు వీళ్ల ఇళ్లలోనూ పాడేవే. సెవ్దలింకా హద్దు బోస్నియా సరిహద్దు కాదు, సెర్బియా, మాంటెనెగ్రోల మధ్య పరుచుకున్న సాంజాక్ ప్రాంతం దాటి ఇక్కడి దాకా ఉంది.

పెద్దవాళ్లను అడిగితే హిమ్జో పేరు చెప్పగానే పాట అందుకుంటారు. ఏ పాట పాడమందాం అనుకుంటే ఎమీనా అడగొద్దు, అది అందరూ అడిగేదే. తల్లి కొడుకును నిద్రలేపే మెహ్మెద్ పాట అడగండి. అందులో గొంతు చూపించుకునే చోటు ఒక్కటీ లేదు. వాక్యాన్ని సరిగ్గా పలకడం వస్తే చాలు, రాకపోతే రెండో పాదంలోనే బయటపడుతుంది.

తిరుగు ప్రయాణానికి ప్రియెపోల్యె, వీషెగ్రాద్ మీదుగా సరయేవో పోవచ్చు గానీ అది సెర్బియా గుండా వెళుతుంది. ఆ దేశపు ప్రవేశ నియమాలు వేరుగా చూసుకోవాలి. అంత తలనొప్పి వద్దనుకుంటే పొద్గోరిత్సా విమానమే నయం.